బ్రేకు వేస్తే బండి జారిపోతోందా? కారణం కనిపెట్టి సరిదిద్దుకునే సమగ్ర మార్గదర్శి

బ్రేకు తొక్కగానే బండి వెనుక భాగం పక్కకు కొట్టుకుపోవడం, లేదా లీవరు నొక్కీ నొక్కకముందే ముందు చక్రం జారి బండి నేలకు ఒరిగిపోవడం మోటారుసైకిలు నడిపేవారిలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యేవే. అలా జరిగిన మర్నాడు సాధారణంగా రెండు పనులు జరుగుతాయి. ఒకటి, టైరు మార్పిస్తారు. రెండు, ముందు బ్రేకును ముట్టుకోవడం మానేస్తారు. మొదటి పనివల్ల కొన్నిసార్లు మేలు జరుగుతుంది. రెండో పనివల్ల మాత్రం జారడం పెరుగుతుంది, బండి ఆగే దూరం రెట్టింపుకు మించిపోతుంది. బండి నేర్పినవారే "ముందు బ్రేకు పట్టుకుంటే బోల్తా పడతావు" అని భయపెట్టి ఉంటారు కాబట్టి ఈ మాట నమ్మబుద్ధి కాకపోవచ్చు. అందుకే పద్ధతులకు వెళ్లేముందు చక్రం అసలు ఎందుకు జారుతుందో కొంచెం వివరంగా చూడటం అవసరం.

చక్రం ఎందుకు జారుతుంది

మోటారుసైకిలు టైరు రోడ్డును తాకే చోటు దాదాపు అరచేయంత మాత్రమే ఉంటుంది. బండిని ఆపే శక్తి అంతా ఆ రెండు అరచేతుల గుండానే రోడ్డుకు చేరాలి. ఒక టైరు ఎంత పట్టు ఇవ్వగలదన్నది రెండింటిపై ఆధారపడి ఉంటుంది: రోడ్డుకూ రబ్బరుకూ మధ్య ఘర్షణ ఎంత, ఆ క్షణంలో ఆ చక్రం మీద బరువు ఎంత. బ్రేకు బలం ఈ హద్దును దాటినప్పుడు చక్రం తిరగడం ఆగిపోయి, బిగుసుకుపోయి, రోడ్డు మీద గీసుకుంటూ పోతుంది. ఆగిపోయిన చక్రానికి రెండు నష్టాలు ఉన్నాయి. తిరుగుతూ నెమ్మదించే చక్రం కంటే దాని పట్టు తక్కువ; అంతకంటే ముఖ్యంగా, పక్కకు జారకుండా బండిని నిలబెట్టే పట్టు దాదాపు పూర్తిగా పోతుంది. బండి తోక ఊపడానికి కారణం ఇదే.

ఇక బరువు సంగతి. బండీ నడిపే మనిషీ కలిసి 200 కిలోలు ఉన్నారనుకుందాం. కదలకుండా నిలబడి ఉన్నప్పుడు ముందు చక్రం మీద సుమారు 95, వెనుక చక్రం మీద 105 కిలోలు పడుతున్నాయనుకుందాం. చక్రాల మధ్య దూరం 1.3 మీటర్లు, బండి, మనిషి కలిసిన గరిమనాభి (మొత్తం బరువు ఒకచోటే ఉన్నట్టు లెక్కించే బిందువు) నేల నుంచి 65 సెంటీమీటర్ల ఎత్తులో ఉన్నాయనుకుని లెక్క వేస్తే, పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేసినప్పుడు, అంటే భూమ్యాకర్షణ త్వరణంలో 70 శాతం చొప్పున వేగం తగ్గుతున్నప్పుడు, దాదాపు 70 కిలోల బరువు వెనుక నుంచి ముందుకు మారుతుంది. అప్పుడు ముందు చక్రం మీద 165 కిలోలు, వెనుక చక్రం మీద 35 కిలోలు మాత్రమే మిగులుతాయి. అంత తేలికైపోయిన వెనుక చక్రాన్ని కాలి బలమంతా ఉపయోగించి తొక్కితే అది బిగుసుకుపోకుండా ఎలా ఉంటుంది? కాలికి చేతి వేళ్లకున్నంత నేర్పు ఉండదన్న సంగతి కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి.

ఇదే లెక్కను ముందుకు తీసుకెళితే, మంచి పొడి రోడ్డు మీద కూడా ఒక్క వెనుక బ్రేకుతో రాబట్టగలిగిన మందగమనం ఆ 70 శాతంలో సగం కూడా ఉండదు, 30 శాతం దగ్గరే ఆగిపోతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో రెండు బ్రేకులూ సరిగ్గా వాడితే సుమారు 20 మీటర్లలో ఆగే బండి, వెనుక బ్రేకు ఒక్కటే వాడితే 47 మీటర్లు తీసుకుంటుంది. అది కూడా చక్రం జారకుండా ఉంటేనే.

ఇంకొక అంశం మరింత ముఖ్యమైనది. బరువు ముందుకు మారడానికి కొద్దిపాటి సమయం పడుతుంది. ముందు ఫోర్కులు (ముందు చక్రాన్ని రెండు వైపులా పట్టి ఉంచే గొట్టాలు) దిగి, టైరు నేలకు అదుముకుని, తాకే చోటు విశాలం కావాలి. ఈ లోపలే లీవరును ఒక్క ఉదుటున లాగితే, చక్రం మీద ఇంకా 95 కిలోలే ఉన్నప్పుడు 165 కిలోలకు తగిన బ్రేకు పడుతుంది. చక్రం బిగుసుకుపోతుంది. అదే బలాన్ని అర సెకను వ్యవధిలో క్రమంగా పెంచుకుంటూ వెళితే అదే టైరు, అదే రోడ్డు ఆ బ్రేకును భరిస్తాయి. ముందు చక్రం జారిన సందర్భాల్లో చాలావాటికి కారణం లీవరును ఎంత బలంగా నొక్కారన్నది కాక ఎంత హఠాత్తుగా నొక్కారన్నది అని నా అభిప్రాయం.

ముందుగా తేల్చుకోవలసింది: ఏ చక్రం, ఎప్పుడు, ఎక్కడ

మెకానిక్ దగ్గరకు వెళ్లేముందు ఒక కాగితం మీద కొన్ని ప్రశ్నలకు జవాబులు రాసుకోవాలి. బండి తోక పక్కకు తిరిగిందా, లేక హ్యాండిల్ ఒక్కసారిగా తేలికై లోపలికి మడుచుకుపోయిందా? మొదటిది వెనుక చక్రం, రెండోది ముందు చక్రం. జారినప్పుడు క్లచ్ పట్టుకుని ఉన్నారా, గేరు తగ్గిస్తున్నారా? బండి నిటారుగా ఉందా, మలుపులో ఒరిగి ఉందా? రోడ్డు పొడిగా ఉందా? వీలైతే ఆ చోటికి తిరిగి వెళ్లి చూడటం మంచిది. పొడి తారు రోడ్డు మీద బిగుసుకుపోయిన చక్రం నల్లటి చార గీస్తుంది. చార లేకుండా జారితే అక్కడ ఇసుకో, నూనో, తడో ఉండి ఉంటుందని ముందుగా అనుమానించాలి.

ఒకే చోట ఒకే ఒక్కసారి జారితే దోషం రోడ్డుది కావచ్చు. రకరకాల పొడి రోడ్ల మీద, మామూలు వేగంలో, కొద్దిగా తొక్కినా వెనుక చక్రం బిగుసుకుంటుంటే బండిని అనుమానించాలి. ఎదురుగా ఎవరైనా అడ్డు వచ్చినప్పుడు మాత్రమే జారుతుంటే అది బ్రేకు వేసే పద్ధతికి సంబంధించినది. ఈ మూడూ కలిసి రావడం కూడా అరుదేమీ కాదు. మరొకరు అదే బండిని అదే రోడ్డు మీద నడిపినప్పుడు జారకపోతే, కొంచెం మనసుకు కష్టంగా ఉన్నా, పరీక్ష మన అలవాటు దగ్గర మొదలు కావాలి.

బండిని పరీక్షించడం

టైర్లతో మొదలుపెట్టాలి. గాలి పీడనాన్ని బండి నడపకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు కొలవాలి. సరైన అంకె బండితో వచ్చిన పుస్తకంలోనూ, చాలా బండ్లకు చైన్ కవరు మీదో స్వింగ్ ఆర్మ్ (వెనుక చక్రాన్ని పట్టి ఉంచే చట్రం) మీదో అతికించిన స్టిక్కరు మీదా ఉంటుంది. టైరు పక్క గోడ మీద ముద్రించిన గరిష్ఠ పీడనాన్ని చూసి గాలి నింపించడం ఒక సాధారణ పొరపాటు. అది టైరు భరించగల హద్దును తెలిపే అంకె, ఆ బండికి నింపవలసిన గాలి కాదు. గాలి ఎక్కువైతే టైరు రోడ్డును తాకే చోటు చిన్నదవుతుంది, చిన్న గతుకుకు కూడా చక్రం ఎగిరి పట్టు తప్పుతుంది. తక్కువైతే టైరు గోడలు ఊగి, బ్రేకు వేసినప్పుడు బండి తేలుతున్నట్టు అనిపిస్తుంది.

తరువాత గాడులు చూడాలి. గాడుల అడుగున అక్కడక్కడ చిన్న దిమ్మలు ఉంటాయి. పై రబ్బరు అరిగి వాటితో సమానమైతే టైరు ఆయుష్షు తీరినట్టే. పొడి రోడ్డు మీద నున్నబడిన టైరు కొంతవరకు నెట్టుకొస్తుంది కానీ, నీటిని తోసిపారేసే పని గాడులదే కాబట్టి తడిలో అది పూర్తిగా చేతులెత్తేస్తుంది. వెనుక టైరు మధ్యభాగం అరిగి బల్లపరుపుగా మారిందేమో కూడా చూడాలి. అలాంటి టైరు నేరుగా వెళ్తున్నప్పుడు బాగానే ఉన్నట్టు కనిపించి, బండి ఒరిగేటప్పుడు ఆ అంచు మీద తటపటాయిస్తుంది. ఒకచోట మాత్రమే రబ్బరు చదునుగా గీసుకుపోయి ఉంటే, అది గతంలో చక్రం బిగుసుకుపోయి జారిన గుర్తు.

గాడులు నిండుగా ఉన్నా వయసు మీరిన టైరును నమ్మకూడదు. పక్క గోడ మీద డాట్ అన్న అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండు తయారైన వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని చెబుతాయి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైనది. రబ్బరు ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడి పట్టు కోల్పోతుంది. ఐదేళ్లు దాటిన టైరును ఏటా నిశితంగా చూడాలి. గోడల మీద సన్నని పగుళ్లు కనిపించినా, గోరు దిగనంత గట్టిగా తగిలినా మార్చడమే మేలు. కొత్త టైరుకూ ఒక జాగ్రత్త ఉంది. దాని పై పొర నునుపుగా ఉంటుంది కాబట్టి మొదటి 150 కిలోమీటర్లు గట్టి బ్రేకూ, బాగా ఒరగడమూ మానాలి. బండి కడిగేవారు మెరుపు కోసం టైరుకు పూసే పాలిష్ రోడ్డును తాకే భాగానికి అంటకుండా చూసుకోవాలి. ఆ మెరుపు ఖరీదు మొదటి మలుపులో తెలుస్తుంది.

టైర్లు బాగున్నాయని తేలితే వెనుక బ్రేకు వంతు. బండిని సెంటర్ స్టాండు మీద నిలిపి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, వెనుక చక్రాన్ని ఒక చేత్తో తిప్పుతూ మరో చేత్తో పెడల్‌ను మెల్లగా నొక్కాలి. ఆరోగ్యంగా ఉన్న డ్రమ్ బ్రేకు (చక్రం మధ్యలోని డబ్బాకు లోపలి నుంచి షూలు ఒరుసుకుని ఆపేది) పెడల్ దిగేకొద్దీ కొంచెం కొంచెంగా బిగుస్తుంది. కొంత దూరం ఏమీ పట్టకుండా, ఆ తరువాత ఒక్కసారిగా చక్రాన్ని పట్టేస్తుంటే లోపల దోషం ఉంది. బ్రేకు షూలను విప్పార్చే క్యామ్ ఇరుసుకు గ్రీజు ఎండిపోయి తుప్పు పట్టడం దీనికి చాలా తరచుగా కనిపించే కారణం. అది సాఫీగా తిరగదు, బలం పెంచగా పెంచగా ఒక్క ఉదుటున తిరుగుతుంది. చక్రం ఒక చుట్టులో ఒకే చోట బిగుస్తుంటే డ్రమ్ గుండ్రదనం తప్పిందని అర్థం. పెడల్ వదిలాక కూడా చక్రం బరువుగా తిరుగుతుంటే స్ప్రింగులు సడలాయో, రాడ్ నట్టు అతిగా బిగించారో చూడాలి. చాలా డ్రమ్ బ్రేకులకు పెడల్ 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఊరికే దిగిన తరువాత బ్రేకు మొదలు కావాలి. కచ్చితమైన కొలత బండి పుస్తకంలో దొరుకుతుంది. నట్టు బిగించాక స్టాప్ లైటు ఎప్పుడు వెలుగుతుందో కూడా సరిచూసుకోవడం మరవకూడదు. డ్రమ్ విప్పితే లోపలి దుమ్మును నోటితో ఊదకూడదు, గాలి గొట్టంతో ఎగరగొట్టకూడదు. పాత షూలలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. తడి గుడ్డతో తుడవాలి.

పెడల్ ఎత్తు చాలామంది పట్టించుకోని విషయం. పాదం ఫుట్‌రెస్ట్ మీద సహజంగా ఉన్నప్పుడు పెడల్ బూటు అడుగుకు కొంచెం కిందుగా ఉండాలి. ఎత్తుగా ఉంటే పాదాన్ని పైకి లేపి తొక్కవలసి వస్తుంది, అలా లేపిన పాదం దిగేటప్పుడు కాలి బరువంతా దానితో దిగుతుంది. ఎప్పుడూ వెనుక చక్రమే జారుతోందని వాపోయే వారి బండిలో నేను ముందు చూసేది ఈ ఎత్తునే. స్పానరు పట్టుకుని పది నిమిషాలు కూర్చుంటే తీరిపోయే సమస్యలలో ఇది ఒకటి.

డిస్క్ బ్రేకులో చూడవలసినవి వేరు. ప్యాడ్ల మందం ఒక మిల్లీమీటరు దగ్గరికి వచ్చిందంటే మార్చాలి. కాలిపర్ (ప్యాడ్లను డిస్క్‌కు అదిమే భాగం) జారే పిన్నులు, పిస్టన్లు దుమ్ముతో పట్టేసి ఉంటే బ్రేకు ఒక్కసారిగా పట్టడమో, వదలకపోవడమో జరుగుతుంది. చైన్‌కు కొట్టే స్ప్రే తుంపరలు వెనుక డిస్క్ మీద పడటం తరచుగా జరిగే పని. డిస్క్‌ను బ్రేక్ క్లీనరుతో తుడిస్తే సరిపోతుంది కానీ, నూనె పీల్చుకున్న ప్యాడ్లను మార్చక తప్పదు. రాత్రంతా తడిలో నిలిచిన బండి డిస్క్ మీద, డ్రమ్ లోపల పలుచని తుప్పు పేరుకుని ఉదయం మొదటి రెండు మూడు బ్రేకులు కరుకుగా పడతాయి. బయలుదేరగానే నెమ్మది వేగంలో వాటిని తేలికగా వేసి చూసుకుంటే ఆ తుప్పు పోతుంది.

బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం బ్రేకు ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల సెల్సియస్ వరకూ మరగకుండా ఉండాలి; తేమ చేరినకొద్దీ ఆ హద్దు 155 దాకా దిగజారవచ్చు. ఆయిల్ మరిగితే లీవరు మెత్తబడి లోపలికి పోతుంది, కంగారులో మరింత గట్టిగా నొక్కుతాం, ఎంత నొక్కితే ఎంత పడుతుందో తెలియని స్థితి వస్తుంది. రెండేళ్లకోసారి మార్చడం సాధారణంగా పాటించే నియమం. సిలికాన్‌తో తయారయ్యే డాట్ 5ను డాట్ 3తోగానీ, డాట్ 4తోగానీ కలపకూడదు.

మిగిలినవి క్లుప్తంగా. ముందు చక్రాన్ని నేల నుంచి పైకెత్తి, ఫోర్కుల కింది భాగాన్ని పట్టుకుని ముందుకు వెనుకకు ఊపితే కటకటమంటే హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు (కోన్‌సెట్) వదులైనట్టు. చక్రాన్ని పక్కలకు ఊపినప్పుడు ఆడితే బేరింగులు చూడాలి. ఫోర్క్ సీళ్ల నుంచి నూనె కారుతుంటే వెంటనే బాగుచేయించాలి, ఎందుకంటే ఆ నూనె కిందికి జారి ముందు డిస్క్ మీదకే చేరుతుంది. చైన్ అతిగా బిగిస్తే వెనుక సస్పెన్షన్ స్వేచ్ఛగా కదలదు. వదులైతే గేరు తగ్గించిన ప్రతిసారీ వెనుక చక్రానికి కుదుపు తగులుతుంది.

బ్రేకు వేసే పద్ధతి

బండి బాగుందని తేలాక మిగిలేది మన చేతులూ కాళ్లూ. వరుస ఇలా ఉంటుంది. యాక్సిలరేటరు పూర్తిగా మూయాలి. బండి నిటారుగా, హ్యాండిల్ సూటిగా ఉండాలి. మోకాళ్లతో పెట్రోల్ ట్యాంకును అదిమి పట్టుకోవాలి. అప్పుడు ఒంటి బరువు మణికట్ల మీద పడదు, మోచేతులు సడలి ఉంటాయి, హ్యాండిల్ తన పని తాను చేసుకుంటుంది. తరువాత ముందు లీవరును దాని సడలు పోయేవరకు మాత్రమే, ప్యాడ్లు డిస్క్‌ను తాకేవరకు లాగాలి. దీనికి రెప్పపాటు సమయం చాలు. ముందు భాగం కొద్దిగా దిగినట్టు తెలియగానే, తడి గుడ్డను పిండుతున్నట్టు, ఒత్తిడిని ఆపకుండా పెంచుకుంటూ వెళ్లాలి. వెనుక పెడల్‌ను అదే సమయంలో తేలికగా తొక్కాలి, ముందు బ్రేకు బలం పుంజుకునేకొద్దీ వెనుకది తగ్గించుకుంటూ రావాలి. కొత్తవారు సరిగ్గా దీనికి విరుద్ధంగా చేస్తారు: బండి ఆగడం లేదనిపించినకొద్దీ వెనుక పెడల్‌నే మరింత తొక్కుతారు.

చూపు ఎక్కడ ఉండాలన్నది చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ చాలా తేడా తెస్తుంది. ముందు చక్రం ముందున్న నేలను చూస్తే తల వంగుతుంది, భుజాలు బిగుస్తాయి, బండి ఒక పక్కకు లాగుతుంది. దూరంగా, వెళ్లాలనుకునే ఖాళీ వైపు చూడాలి. అడ్డు వచ్చిన వస్తువునే చూస్తూ ఉంటే చేతులు అటే తీసుకెళతాయి.

క్లచ్ విషయంలో నా సలహా ఇది: మామూలుగా వేగం తగ్గించేటప్పుడు ఇంజన్ బ్రేకింగును వాడుకుంటూ ఒక్కొక్క గేరూ తగ్గించుకుంటూ రావాలి; అత్యవసరంగా ఆపవలసి వస్తే క్లచ్ పూర్తిగా పట్టుకోవాలి. ఎక్కువ వేగంలో ఉండగా రెండు మూడు గేర్లు ఒక్కసారిగా తగ్గించి క్లచ్ వదిలేస్తే, పెడల్ తొక్కకపోయినా ఇంజనే వెనుక చక్రాన్ని పట్టేస్తుంది. పెడల్ మీద కాలు పెట్టకుండానే జారిందని ఆశ్చర్యపోయేవారికి కారణం చాలావరకు ఇదే. స్లిప్పర్ క్లచ్ (ఇంజన్ వెనుక చక్రాన్ని లాగి పట్టకుండా కొంత జారనిచ్చే క్లచ్) ఉన్న బండ్లలో ఈ కుదుపు తగ్గుతుంది.

వెనుక మనిషిని కూర్చోబెట్టుకున్నప్పుడు లెక్క మారుతుంది. వెనుక చక్రం మీద బరువు పెరుగుతుంది కాబట్టి వెనుక బ్రేకును మామూలుకంటే కొంత ఎక్కువగా వాడుకోవచ్చు. అయితే ఆపవలసిన మొత్తం బరువు కూడా పెరిగింది, వెనుకవారు మన మీదకు ఒరుగుతారు. ముందుగా మొదలుపెట్టి మెల్లగా పెంచడమే దారి. గేర్లు లేని స్కూటర్లలో ఎడమ చేతి లీవరు వెనుక చక్రానిది. మోటారుసైకిలు నుంచి స్కూటరుకు మారినవారు అలవాటుగా క్లచ్ అనుకుని దాన్ని పూర్తిగా లాగి జారడం తరచుగా జరుగుతుంది.

ఇక దూరాల విషయం. మంచి పొడి రోడ్డు మీద, మంచి బ్రేకుతో గంటకు 40 కిలోమీటర్ల వేగం నుంచి ఆగడానికి 9 మీటర్లు, 60 నుంచి 20, 80 నుంచి 36 మీటర్లు పడతాయి. దీనికి అడ్డును గమనించి చెయ్యి కదిలేలోపు గడిచే ఒక సెకను దూరాన్ని, అంటే వరుసగా 11, 17, 22 మీటర్లను కలపాలి. 40 నుంచి 80కి వేగం రెట్టింపైతే బ్రేకు దూరం నాలుగు రెట్లయింది. ముందు బండికి కనీసం రెండు సెకన్ల ఎడం, వానలో నాలుగు సెకన్ల ఎడం ఉంచుకోమని చెప్పడం ఈ లెక్క మీద ఆధారపడినదే. రెండు వేళ్లను ముందు లీవరు మీద ఆనించి ఉంచే అలవాటు రద్దీలో ఆ సెకనులో కొంత భాగాన్ని మిగులుస్తుంది.

జారడం మొదలైన క్షణంలో

ముందు చక్రం బిగుసుకుంటే ఆలోచించడానికి వ్యవధి ఉండదు. లీవరును వెంటనే వదలాలి. చక్రం తిరగడం మొదలు కాగానే మళ్లీ, ఈసారి మెల్లగా నొక్కాలి. బ్రేకు వదిలితే ఢీకొంటామన్న భయంతో లీవరును బిగబట్టి ఉంచితే బండి పక్కకు పడటం దాదాపు ఖాయం.

వెనుక చక్రం విషయం కొంచెం సూక్ష్మమైనది. బండి ఇంకా సూటిగా వెళ్తున్నంతసేపు పెడల్‌ను మెల్లగా సడలించవచ్చు. కానీ తోక అప్పటికే పక్కకు బాగా తిరిగిపోయి ఉంటే పెడల్‌ను హఠాత్తుగా వదలకూడదు. వదిలిన వెంటనే వెనుక టైరుకు పట్టు తిరిగి దొరుకుతుంది, వంకరగా ఉన్న బండి ఒక్క విదిలింపుతో నిటారుగా లేచి మనిషిని అవతలి వైపు ఎగరవేస్తుంది. జారి పక్కకు ఒరిగి పడటం కంటే ఇది చాలా ప్రమాదకరం. అటువంటప్పుడు పెడల్‌ను అలాగే ఉంచి, దూరంగా చూస్తూ, హ్యాండిల్‌ను జారుతున్న దిక్కుకు తిరగనిస్తూ, బండి ఆగేవరకు నిలబడటం మేలు.

మలుపులో బ్రేకు

టైరు దగ్గర ఉన్న పట్టు మొత్తం ఒకే సొమ్ము. కొంత ఒరగడానికి ఖర్చు పెడితే మిగిలినదే బ్రేకుకు. ఘర్షణ గుణకం (టైరుకూ రోడ్డుకూ మధ్య పట్టును చెప్పే అంకె) 0.8 ఉన్న రోడ్డు మీద బండి 20 డిగ్రీలు ఒరిగి ఉంటే బ్రేకుకు ఇంకా 89 శాతం దాకా మిగులుతుంది. 30 డిగ్రీల దగ్గర సుమారు 70 శాతం. తడి రోడ్డు మీద, గుణకం 0.5కు పడిపోతే, సుమారు 27 డిగ్రీల వంపుకే మొత్తం ఖర్చైపోతుంది, బ్రేకుకు ఏమీ మిగలదు. అందుకే వేగం తగ్గించడం మలుపు మొదలు కాకముందే, బండి నిటారుగా ఉన్నప్పుడే పూర్తికావాలి. మధ్యలో తప్పనిసరిగా ఆగవలసి వస్తే, ముందు బండిని నిటారుగా లేపి తరువాత గట్టిగా బ్రేకు వేయాలి. లేపడానికి చోటు లేకపోతే రెండు బ్రేకులనూ చాలా తేలికగా మొదలుపెట్టి, వంపు తగ్గేకొద్దీ పెంచుకోవాలి.

తడి, ఇసుక, నూనె

చాలాకాలం తరువాత కురిసిన వాన మొదటి నిమిషాలు అన్నిటికంటే చెడ్డవి. రోడ్డు మీద పేరుకున్న దుమ్ము, నూనె, రబ్బరు పొడి తడిసి పలుచని పొరగా మారతాయి. గట్టి వాన కొంతసేపు కురిసి దాన్ని కడిగేశాక పట్టు కాస్త మెరుగవుతుంది. తడి రోడ్డు మీద 60 వేగం నుంచి ఆగడానికి 30 మీటర్లు దాటవచ్చు. రంగు గీతలు, మ్యాన్‌హోల్ మూతలు, వంతెనల ఇనుప అతుకులు, తడిసిన ఆకులు ఉన్న చోట బ్రేకు పడకుండా, వాటికి ముందో తరువాతో వేసుకోవాలి. నీళ్లలోంచి వచ్చిన డిస్క్ మొదట్లో పట్టదు, ఆరగానే ఒక్కసారిగా పట్టుకుంటుంది. నీళ్లు దాటిన వెంటనే తేలికగా రెండు మూడుసార్లు వేసి దాన్ని ఆరబెట్టుకోవడం మంచిది.

ఇసుక, కంకర మీద ముందు చక్రం జారితే నిలదొక్కుకోవడం దాదాపు అసాధ్యం. కాబట్టి అక్కడ వెనుక బ్రేకుదే పెద్దపీట, అదీ మెల్లగా. చిన్న మేట అయితే ముందే వేగం తగ్గించుకుని, బ్రేకు పూర్తిగా వదిలేసి, హ్యాండిల్ సూటిగా ఉంచి దాటిపోవాలి.

ఏబీఎస్ ఉన్నప్పుడు

బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటే ఏబీఎస్. ఎలక్ట్రానిక్ ఏబీఎస్‌ను మోటారుసైకిలుకు మొదట అందించినది బీఎండబ్ల్యూ, 1988లో తన కె100 మీద. చక్రం దగ్గరున్న సెన్సర్ దాని వేగాన్ని కొలుస్తుంది. చక్రం హఠాత్తుగా ఆగిపోబోతోందని తెలియగానే ఒత్తిడిని క్షణకాలం తగ్గించి, మళ్లీ పెంచుతుంది. ఇది సెకనుకు చాలాసార్లు జరుగుతుంది కాబట్టి లీవరు, పెడల్ వేళ్ల కింద, పాదం కింద అదురుతాయి. అదిరినప్పుడు భయపడి వదలకూడదు, ఒత్తిడి అలాగే ఉంచాలి.

మన బండిలో ఉన్నది ఎలాంటిదో తెలుసుకోవడం చాలా అవసరం. సింగిల్ ఛానల్ (ఒక్క చక్రానికే పనిచేసే రకం) అయితే సాధారణంగా అది ముందు చక్రానికే. వెనుక చక్రం మునుపటిలాగే బిగుసుకుంటుంది. ఏబీఎస్ ఉన్నా జారిందని అనుకునేవారిలో కొందరి సమస్య ఇక్కడే ఉంది. మామూలు ఏబీఎస్ ఒరిగి ఉన్న బండి గురించి ఆలోచించదు. వంపును కూడా కొలిచి పనిచేసే రకం 2013లో కేటీఎం 1190 అడ్వెంచర్‌తో వచ్చింది, అది అన్ని బండ్లలో ఉండదు. వదులు కంకర మీద ఏబీఎస్ ఉన్న బండి మరింత దూరం పోవచ్చు. తాళం తిప్పగానే వెలిగే ఏబీఎస్ దీపం బండి కదిలి కొద్ది వేగం అందుకున్నాక ఆరిపోవాలి. ఆరకపోతే మామూలు బ్రేకు పనిచేస్తుంది కానీ ఏబీఎస్ పనిచేయడం లేదని అర్థం. సెన్సర్‌కు బురద అంటడం, చక్రం విప్పి బిగించేటప్పుడు పళ్ల రింగు వంగడం దీనికి సాధారణ కారణాలు. ఒక లీవరుతో రెండు చక్రాలకూ బ్రేకు పంచే కాంబీ బ్రేకును ఏబీఎస్ అనుకోకూడదు. అది పంచుతుంది, చక్రం బిగుసుకోకుండా కాపాడదు.

సాధన

ఊడ్చి శుభ్రంగా ఉన్న, జనసంచారం లేని, చదునైన పొడి నేల చూసుకోవాలి. హెల్మెట్, చేతి తొడుగులు, మడమను కప్పే బూట్లు, మందపాటి కోటు వేసుకోవాలి. నేల మీద ఒక గీత గీసి, ఎప్పుడూ ఆ గీత దగ్గరే బ్రేకు మొదలుపెట్టి, ఆగిన చోట గుర్తు పెట్టుకోవాలి.

మొదట 20 కిలోమీటర్ల వేగంలో, సూటిగా, వెనుక బ్రేకు ఒక్కటే వేసి ఎంత తొక్కితే చక్రం బిగుసుకుంటుందో పాదానికి తెలియనివ్వాలి. తరువాత అదే వేగంలో ముందు బ్రేకు ఒక్కటే, సడలు తీసి పిండే పద్ధతిలో, ప్రతిసారీ కొంచెం ఎక్కువగా. ముందు చక్రాన్ని కావాలని బిగించే ప్రయోగం చేయకూడదు. ఆ రెండూ అలవాటయ్యాక రెండు బ్రేకులూ కలిపి 30, ఆ పైన 40 వేగంలో చేయాలి. ఆగిన గుర్తులు గీతకు దగ్గరవుతున్నాయా, ఒకదానికొకటి దగ్గరగా పడుతున్నాయా అని చూసుకోవాలి. గుర్తులు చెల్లాచెదురుగా ఉన్నంతకాలం వేగం పెంచకూడదు. ఒక్కరోజులో గంటల తరబడి చేయడం కంటే వారానికోసారి పావుగంట చేయడం నాకు ఎక్కువ ఫలితమిచ్చింది, ఎందుకంటే అలసిన చెయ్యి లాగడమే నేర్చుకుంటుంది. కొన్నాళ్లకు అదే నేలను తడిపి 20 వేగం నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. టైర్లు, ప్యాడ్లు మార్చిన తరువాత, అవి కాస్త అరిగి కుదురుకున్నాక ఇంకొకసారి.

జారి పడిన తరువాత

ముందు రోడ్డు మీద నుంచి పక్కకు తప్పుకోవాలి, బండి సంగతి తరువాత. దెబ్బలు లేవని తేలాక ఇంజన్ ఆపి, పెట్రోలు కారుతోందేమో చూడాలి. లీవర్లు, పెడల్ వంగి చక్రం దగ్గర ఏదైనా రాసుకుంటోందా, హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిరుగుతోందా, డిస్క్ వంకర పోయిందా అని నిలబడిన చోటే పరీక్షించాలి. బండిని చేత్తో తోస్తూ రెండు బ్రేకులూ విడివిడిగా వేసి చూడాలి. పెడల్ వంగి బ్రేకు సగం పట్టిన స్థితిలోనే ఉండిపోతే, కొద్ది దూరంలోనే డ్రమ్ వేడెక్కి చక్రం మళ్లీ బిగుసుకుపోవచ్చు. అటువంటి బండిని నడపకుండా మరో వాహనంలో ఎక్కించి తీసుకెళ్లాలి. హ్యాండిల్ సూటిగా పట్టుకున్నా ముందు చక్రం పక్కకు చూస్తున్నట్టు కనిపిస్తే ఫోర్కులు మెలిపడి ఉంటాయి, వాటిని సరిచేయించేవరకు రోడ్డెక్కించకూడదు.